పంటిపోటు ఎవరి పని?

పంటిపోటుతో తడలో వైద్యుని కడ కేగిన పేదవాడు తరచుగా వినుమాటలు రెండే: 'ఈ మాత్ర వేసికొనుము', 'పంటి డాక్టరు కడకు పొమ్ము.' పొమ్మనుట సులభము. పులికాటు సరస్సులో వల వేసి జీవించు ఇరకము దీవి జాలరి పడవ దాటి, తడలో రైలెక్కి, చెన్నపట్టణము పోయి వచ్చుటకు ఒకనాటి కూలి చెల్లవలయును. కావున నాతడు పోడు. మాత్రనే మరల కొనును.

గతమాసమున మా కక్షిదారుడొకడు దవడ వాచి, నోరు తెరువలేక, సైగలతో వ్యాజ్యము చెప్పుకొనెను. మూడు పర్యాయములు యాంటీబయాటిక్ మాత్రలు వ్రాసిచ్చిన వైద్యుడు ఒక్కమారైనను దీపము పట్టి నోటిలోనికి చూడలేదట! పంటి లోపల చీము పట్టిన పిమ్మట మాత్ర వాపును కొంత అణచునే గాని మూలమును తీయజాలదు. ఆ చీము నాలుక అడుగునకు దిగెనా, ఊపిరిత్రోవయే మూసికొనును. ఇది పంటిజబ్బా, ప్రాణగండమా?

దంతవైద్యము వేరు శాస్త్రము, మాకు సంబంధము లేదని వైద్యులందురు. 1948 నాటి దంతవైద్యుల చట్టము అట్లనలేదు. రిజిస్టరు కాని దంతవైద్యులను నిషేధించుచునే, 49వ సెక్షనులో రిజిస్టరైన సామాన్యవైద్యులకు మినహాయింపు నొసగినది. అయితే చట్టమిచ్చిన సెలవు చేతికి నేర్పు నీయదు. ఇంటివైద్యుడు పళ్లు తొలిచి నరము తీయవలెనని మేము కోరము.

నోరు తెరచి చూడుమనియే కోరుచున్నాము. మధుమేహము చిగుళ్లను, చెడిన చిగుళ్లు మధుమేహమును పెంచును. చక్కెర కొలుచువాడు చిగుళ్లు చూడవలదా? శ్రీకాకుళ విశాఖ తీరములలో చుట్ట నిప్పును నోటిలోపల నుంచి అడ్డపొగ త్రాగు స్త్రీల అంగిటిలో పుట్టు పుండును ముందుగా కనిపెట్టగలవాడెవడు? జ్వరమునకు వారాశ్రయించు వైద్యుడే గదా! మూడు వారములైనను మానని పుండును, దిగుచున్న వాపును గుర్తించి, చీటీ వ్రాసి, ఎక్కడికి పోవలయునో చెప్పి పంపుట ఆతని ధర్మము.

తమ వృత్తిలో చేయి పెట్టవలదని కనులెఱ్ఱజేయు దంతవైద్యులు పట్టణపు వీధులు విడిచి ఒకదినము ఈ పల్లెలకు రండు! ప్రభుత్వమును తక్కువ తినలేదు. 2012 నాటి భారత ప్రజారోగ్య ప్రమాణములు దంతవైద్యుని సామాజికారోగ్య కేంద్రమున నిలిపినవే గాని ప్రాథమికారోగ్య కేంద్రము దాక రానీయలేదు. వారమునకొక దినమైనను పంపుటకు అడ్డమేమి?

మా కక్షిదారుని ఆనాడే కారెక్కించి చెన్నపట్టణమునకు పంపితిమి. పన్ను తీసి, చీము వెడలించిరి. ఇప్పుడు గంజి త్రాగుచున్నాడు. సాక్ష్యము చెప్పుటకు వాయిదా కోరియున్నాము.