పిల్లికూన నలత: గుళికలకు దక్కిన ఘనత

కడియం: గోదావరి జిల్లాల్లో హోమియో గుళిక ఎరుగని ఇల్లు అరుదు. పిల్లవాడికి జలుబు చేసినా, ముసలమ్మకు మోకాలు పట్టేసినా ముందుగా చెయ్యి పోయేది ఆ చిన్న సీసాల మీదికే. రాజమహేంద్రవరంలోని ప్రభుత్వ హోమియో వైద్య కళాశాలకు మన పాలకొల్లు వాసి, హాస్యనటుడు అల్లు రామలింగయ్య పేరు పెట్టారు. ఆయన స్వయంగా హోమియో మందులు ఇచ్చేవారు. కాబట్టి ఆ వైద్యం మీద ఈ ప్రాంతం వారికున్న అభిమానం ఈనాటిది కాదు, దాన్ని ఎగతాళి చేయడం ఈ వ్యాసం ఉద్దేశమూ కాదు. అయితే ఆ అభిమానం ఇప్పుడు పిల్లికూనల దాకా వచ్చింది. అక్కడ కొంచెం ఆగి ఆలోచించవలసి ఉన్నది.

కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, పొట్టిలంక వైపు నర్సరీల వారికి పిల్లి అవసరం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. షెడ్డులో విత్తనాల సంచులు, దుంపలు ఉంటే ఎలుక వస్తుంది, ఎలుక వెనకాల పాము వస్తుంది. షెడ్డు కాపలాకు తెచ్చిన కూన పిల్లల చేతుల్లో పడి ఇంట్లో మనిషైపోతుంది. గోళ్లు గీరుకుంటాయన్న భయంతో ఈమధ్య చాలామంది దానికి రేబిస్ టీకా వేయిస్తున్నారు. ఇది మంచి మార్పు. మూడు నెలల వయసులో మొదటి టీకా, ఏడాదికి మళ్లీ ఒకటి, ఆపైన డాక్టరు చెప్పిన గడువుకు.

చిక్కంతా సూది వేయించిన సాయంత్రం మొదలవుతున్నది. ఆడుతూ తిరిగే కూన మూల చేరి ముడుచుకుంటుంది. పెరుగన్నం పెడితే వాసన చూసి వదిలేస్తుంది. చెవులు వేడిగా తగులుతాయి. ఇంటివాళ్లు కంగారు పడతారు. ఎవరో ఒకరు తూజా ఇమ్మంటారు, ఇంకొకరు సిలీషియా అంటారు. "నాలుగు గుళికలు నీళ్లలో కరిగించి పోశామండి, తెల్లారేసరికి లేచి పాలు తాగేసిందండి" అన్న మాట ఈ వీధుల్లో తరచు వినపడుతూనే ఉన్నది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కూన లేచిన మాట నిజమే. లేపింది గుళికేనా అన్నదే ప్రశ్న.

దీనికి జవాబు మన పశువుల పాకలోనే ఉంది. గేదెకు గాలికుంటు టీకా వేసిన మర్నాడు ఏమవుతుంది? ఒళ్లు కొద్దిగా వేడెక్కుతుంది, మెడ మీద సూది పడిన చోట ఉబ్బుతుంది, ఒకటి రెండు పూటలు పాలు తగ్గుతాయి. 2019 నుంచి కేంద్ర పథకం కింద ఊరూరా ఈ టీకాలు ఉచితంగా వేస్తున్నారు గనుక ఇది చూడని పాడి రైతు ఉండడు. రైతు దీనికి గుళికలు వేయడు. రెండు రోజులు ఓపిక పడతాడు, పాలు మళ్లీ దారికి వస్తాయి. టీకా అంటే చంపేసిన క్రిమినో, బలం తీసేసిన క్రిమినో ఒంటికి ముందుగా చూపించడం. దాన్ని ఎదుర్కొనేందుకు ఒళ్లు చేసే కసరత్తు వల్లనే ఆ వేడి, ఆ నీరసం. గేదెకైనా కూనకైనా ఇది ఒకటే. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే పోతుంది. ఆ రెండు రోజుల మధ్యలో ఏది పెట్టినా, చివరికి విభూతి పెట్టినా, ఘనత దానికే దక్కుతుంది.

తూజా సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అది మన నర్సరీల వాళ్లకు తెలిసిన పేరే. ఇక్కడ తూజా అని అమ్మే అలంకరణ మొక్కకు హోమియో తూజా దగ్గరి బంధువు. మందు చేసేది ఉత్తర అమెరికా చెట్టు ఆకుల నుంచి. (ఇది చదివి పెరట్లో తూజా ఆకు నూరి కూనకు పోసేవారు ఎవరైనా ఉంటే దయచేసి ఆ పని చేయకండి. ఆ జాతి చెట్ల ఆకులో ఉండే తూజోన్ అనే పదార్థం నరాల మీద పనిచేసి ఫిట్స్ తెప్పించగలదు.) ఇక దుకాణంలో దొరికే 30 పొటెన్సీలో ఆ ఆకు ఎంత ఉంటుంది? ఒక వంతు రసాన్ని వంద వంతులు చేయడం ఒక మెట్టు. అలా 30 మెట్లు. ధవళేశ్వరం దగ్గర గోదావరిలో ఒక చుక్క వేస్తే ఎంత పలచన అవుతుందో ఊహించవచ్చు. గోదావరి కాదు, భూమి మీది సముద్రాలన్నిటిలో ఒక్క చుక్క కలిపినా పదమూడో మెట్టు దగ్గరే ఆగిపోతాం. ఇంకా 17 మెట్లు మిగిలే ఉంటాయి. అంటే ఆ గుళికలో మిగిలింది పంచదారే. ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధనా మండలి 2015లో 61 రకాల జబ్బుల మీద అధ్యయనాలు పరిశీలించి, హోమియో పని చేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం ఒక్కదానికీ లేదని తేల్చింది. పశువులకు రుజువైన వైద్యం బదులు హోమియో వాడరాదని బ్రిటన్ పశువైద్యుల రాయల్ కాలేజి 2017లో ప్రకటించింది.

మరో విషయం. టీకా దోషానికి తూజా అన్నది హోమియో మూలపురుషుడు హానిమన్ ప్రచారం చేసిన మాట కాదు. ఆయన తన కొత్త సిద్ధాంతాన్ని ప్రకటించిన 1796లోనే జెన్నర్ మశూచికి టీకా కనిపెట్టాడు, హానిమన్ ఆ టీకాను మెచ్చుకున్నాడు కూడా. తూజా మాటకు ఊతమిచ్చింది 1884లో లండన్ వైద్యుడు బర్నెట్ రాసిన పుస్తకం. అది కూడా మనుషులకు వేసే మశూచి టీకా గురించి. మశూచి ప్రపంచం నుంచి పోయిందని 1980లో ప్రకటించారు, ఆ టీకాలు ఆగిపోయాయి. లేని టీకాకు చెప్పిన విరుగుడు మన కూనల నోట్లో పడుతున్నది.

పంచదారే కదా, వేస్తే పోయేదేముంది అనవచ్చు. మామూలు నలతకైతే నిజంగానే పోయేదేమీ లేదు. పోయేది మామూలు కానప్పుడు. అరుదుగా కొన్ని కూనలకు టీకా పడదు. సూది వేసిన కొద్ది నిమిషాల్లోనో, కొన్ని గంటల్లోనో ముఖం వాస్తుంది, వాంతులు విరేచనాలు అవుతాయి, ఎగశ్వాస వస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, నిలబడలేక ఒరిగిపోతుంది. అప్పుడు కావలసింది ఎడ్రినలిన్ ఇంజెక్షను, పశువైద్యుడి చెయ్యి. గుళిక వేసి పదిహేను నిమిషాలు చూద్దాం, ఇంకో మోతాదు వేసి చూద్దాం అనుకుంటే ఆ కూన దక్కదు. అందుకే టీకా వేయించాక అరగంట ఆసుపత్రి వరండాలోనే కూర్చోవడం మంచిది. నలతగా ఉన్నా కూన రోజంతా ఏమీ ముట్టకపోతే అప్పుడు కూడా చూపించవలసిందే.

గుళికల కన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. జ్వరం అనగానే ఇంట్లో ఉన్న పారాసిటమాల్ బిళ్ల ముక్క నూరి పోయడం. మనిషి కాలేయం ఆ మందును హరాయించుకుంటుంది, పిల్లి కాలేయానికి ఆ శక్తి లేదు. ఒక్క 500 మిల్లీగ్రాముల బిళ్ల పెద్ద పిల్లినే చంపగలదు, ఇక కిలో బరువు కూన మాట చెప్పేదేముంది. ఈ ఒక్క విషయంలో మాత్రం, గుళికా బిళ్లా అన్న తగాదా వస్తే, గుళికే నయం.

సూది పడిన చోట గడ్డ సంగతి కూడా తెలిసి ఉండాలి. బఠాణీ గింజంత గట్టిదనం కొన్నాళ్లుండి కరిగిపోవడం మామూలే. కాని చాలా అరుదుగా ఆ చోట క్యాన్సర్ పుడుతున్నదని 1991లో అమెరికా పశువైద్యులు గుర్తించారు. దానికి 3-2-1 అని ఒక కొండగుర్తు ఉంది. మూడు నెలలు దాటినా గడ్డ ఉన్నా, రెండు సెంటీమీటర్లు మించినా, సూది వేసిన నెల తర్వాత కూడా పెరుగుతున్నా ముక్క తీసి పరీక్ష చేయించాలి. సిలీషియాతో కరుగుతుందని నెలలు గడపడం ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చే పని.

అన్నిటికన్నా బాధ కలిగించేది గుళిక వేసిన తర్వాత వచ్చే మాట: "టీకా విషం గుళికతో విరిగింది, ఇక మళ్లీ ఆ సూది వద్దు." పెద్దవాళ్లలో ఈ భయం ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులు వేసేవారు. గొర్రె మెదడు నుంచి చేసిన ఆ మందు వల్ల కొందరికి పక్షవాతం వచ్చిన మాట కూడా నిజం. ఆ మందును 2005 నాటికి మన దేశంలో ఆపివేశారు. ఇప్పటి టీకాలు ప్రయోగశాలలో కణాల మీద పెంచి, చంపిన క్రిమితో చేసినవి. పాత భయాన్ని పట్టుకుని రెండో టీకా ఎగ్గొడితే, ఏ పిచ్చికుక్కో కరిచిన రోజున ఆ పిల్లికి రక్షణ ఉండదు. పిల్లి కరిచేది దాన్ని ఎత్తుకుని తిరిగే పసివాడినే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక హోమియోలోనూ లేదు, అల్లోపతిలోనూ లేదు మందు. కరిస్తే, గీరితే, పావుగంట సేపు కుళాయి కింద సబ్బుతో కడిగి ప్రభుత్వాసుపత్రికి పోవాలి. దానికీ హైడ్రోఫోబినం గుళికలు చాలునని చెప్పేవారు ఉంటే ఆ మాట వినరాదు.

అయితే జనాన్ని ఒక్కరినే అనడం న్యాయం కాదు. కూనను తీసుకుపోతే సూది గుచ్చి పంపడమే గాని, సాయంత్రం ఇది నీరసపడుతుంది, కంగారు పడకండి అని ఒక్క ముక్క చెప్పేవారు తక్కువ. చెప్పకపోతే జనం చెప్పేవారి దగ్గరకే పోతారు. హోమియో వైద్యుడు కూర్చోబెట్టి పది ప్రశ్నలు అడుగుతాడు, పిల్లి ఏ పక్కకు పడుకుంటుందో కూడా అడుగుతాడు. ఆ ఓపికకే సగం నమ్మకం కుదురుతుంది. హోమియో వైద్యులు కూడా ఎగశ్వాసతో ఉన్న కూనను తెస్తే సీసా తీయకుండా పశువుల ఆసుపత్రికి పంపాలి. వారిలో మంచివారు ఆ పని చేస్తారు కూడా.

పశుసంవర్ధక శాఖ వారు చేయవలసింది ఖర్చుతో కూడిన పని కాదు. టీకా వేసినప్పుడు చేతికి ఒక తెలుగు కాగితం ఇవ్వాలి. అందులో వేసిన టీకా పేరు, తేదీ, రెండు రోజులు ఎలా ఉంటుందో, ఏవి కనిపిస్తే పరుగున రావాలో, పారాసిటమాల్ పోయరాదని, మళ్లీ రావలసిన తేదీ ఉంటే చాలు. సచివాలయాల్లోని పశుసంవర్ధక సహాయకులు గేదెల టీకాలకు ఇల్లిల్లూ తిరుగుతూనే ఉన్నారు. ఆ తిరుగుడులోనే నర్సరీ షెడ్డులో పిల్లి ఉందా అని కూడా అడిగి, ఆ కాగితం అక్కడి గోడకు అంటించి రావచ్చు.