ఆకు మచ్చ ఉన్న ఆపిలే మేలు

ఆస్పత్రిలో ఎవరినైనా చూడబోతూ ఆపిల్ పళ్ళ కోసం పళ్ళబండి దగ్గర ఆగుతాం. "పెద్దకాయ తీసుకోండి సార్, మంచి బలం" అంటాడు బండి అతను. మనమూ నిండా ఎర్రబడ్డ పెద్దవే ఏరుకుంటాం. ఎరుపు ఎంతుంటే సత్తువ అంత, సైజు ఎంతుంటే పోషకాలు అన్ని అనే ఈ నమ్మకం తప్పు. అది మనల్ని మోసపుచ్చడమే కాదు, సిమ్లా కొండల్లోని తోటల్నీ చెడగొడుతోంది.

ఎరుపు ఆంథోసయనిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. పండుకు ఎండ తగిలి, రాత్రుళ్ళు చల్లగా ఉంటే అది తొక్కలో బాగా పుడుతుంది. అందుకే మంచి రైతు చలికాలంలో కొమ్మలు కత్తిరించి, చెట్టు లోపలికి వెలుతురుకు దారి చేస్తాడు. ఆ వెలుతురుకే తొక్కలో క్వెర్సెటిన్ అనే మేలుచేసే పదార్థం, కండలో చక్కెర కూడా పెరుగుతాయి. అలా వచ్చిన ఎరుపు నిజమే చెబుతుంది. కానీ బజారు రంగుకే ధర కట్టింది. వందేళ్ళ కిందట సామ్యూల్ స్టోక్స్ అనే ఆయన అమెరికా నుంచి తెచ్చి, సిమ్లా కొండల్లోని కోట్‌గఢ్‌లో నాటిన డెలిషస్ జాతినే చూడండి. అందులో పక్వానికి రాకముందే ముదురు ఎరుపెక్కే రకాలను ఏరి ఏరి పెంచారు. అదీ చాలకపోతే ఎథెఫాన్ అనే మందు చల్లుతారు. రంగు తొందరగా వస్తుంది, చెట్టు మీద గడపాల్సిన రోజులు మాత్రం తగ్గిపోతాయి.

సైజు సంగతీ అంతే. నత్రజని ఎరువు ఎక్కువేస్తే కాయ ఊరుతుంది. కాల్షియం మాత్రం ఆ లెక్కన పెరగదు. ఉన్న కాస్తలోనూ ఏపుగా పెరిగే రెమ్మలు వాటా లాక్కుంటాయి. అలాంటి కాయ కోస్తే తొక్క కింద గోధుమరంగు చేదు మచ్చలు కనిపిస్తాయి. పైగా పెద్దకాయలో బరువుతో పోలిస్తే తొక్క తక్కువ.

ఆపిల్ గొప్పంతా ఆ తొక్కలో, పీచులో ఉంది. విటమిన్ సి కావాలంటే జామకాయ తినాలి: 100 గ్రాముల్లో 200 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, ఆపిల్‌లో 5 దాకా. అయినా పురుగుమందుల భయంతో, మైనం భయంతో తొక్క చెక్కి పారేస్తాం. ఆ భయం అర్థమయ్యేదే. ధారగా పడే నీళ్ళకింద బాగా రుద్ది కడిగి, తొక్కతోనే తినాలి.

ఎర్రబడే పండుకు ఆకు ఆనుకుంటే, అంతమేరా పసుప్పచ్చగా ఆకు అచ్చు పడుతుంది. మనం దాన్ని మచ్చ అని పక్కన పడేస్తాం. అందుకే కోతకు ముందు పండు చుట్టూ ఆకులు తుంచేస్తున్నారు. కాయకు చక్కెర వండిపెట్టేది ఆ ఆకే! జపాన్‌లోని అవొమోరిలో కొందరు రైతులు 'ఆకులు తుంచని ఆపిల్' అని పేరు పెట్టి మరీ అమ్ముతున్నారు. రంగు తగ్గినా తీపి ఎక్కువని కొనేవాళ్ళు ఉన్నారు కనుకే అమ్మగలుగుతున్నారు.

మనమూ అలాంటి కొనుగోలుదారులం కావాలి. ఈసారి బండి దగ్గర ఆకు అచ్చు పడిన మధ్యరకం కాయ కనబడితే పక్కన పెట్టకండి. ముందు దాన్నే సంచిలో వేసుకోండి.