రాజుగారి పళ్ళెం ఒక్కటే చరిత్రా?

కోల్‌కతాలో పుట్టినరోజో పెళ్ళిరోజో వచ్చిందంటే పాతకాలపు దర్బారులా ముస్తాబు చేసిన రెస్టారెంటుకు వెళ్ళడం ఇప్పుడు రివాజైంది. జాలీ కిటికీలు, గుడ్డి వెలుతురు దీపాలు, రాగి హండీలు, తలపాగా చుట్టుకుని వంగి సలాం చేసే వెయిటర్లు ఈ తరహా హోటళ్ళ హంగులు. 2013లో దేశప్రియ పార్కు దగ్గర మొదలైన ‘ఔధ్ 1590’ అయితే పేరులోనే ఒక సంవత్సరాన్ని పెట్టుకుంది. ఇలాంటి చోట్ల వంట బాగుండదని నేననను. నా పేచీ ఆ భోజనం చుట్టూ అల్లుకున్న నమ్మకంతో. చరిత్ర పుస్తకాలు ఎవరూ చదవని ఈ రోజుల్లో ఇక్కడ తింటేనైనా పిల్లలకు ఆ కాలం తెలిసివస్తుందని చదువుకున్నవాళ్ళే అంటున్నారు. తెలిసిరాదు. పైగా తప్పు తెలుస్తుంది.

1590లో అక్బరు లాహోరులో ఉన్నాడు. ఔధ్ ఆయన సామ్రాజ్యంలో ఒక సుబా, అంతే. అక్కడ నవాబులనేవాళ్ళు మొదలైంది 1722లో, సాదత్ ఖాన్‌తో. లక్నో వంటగా మనం లొట్టలేసే గలౌటీ కబాబులూ దమ్ బిర్యానీలూ ఆ నవాబుల చలవ. అవి కోల్‌కతా చేరింది 1856లో, రాజ్యం పోగొట్టుకుని మటియాబుర్జ్‌లో స్థిరపడిన వాజిద్ అలీ షా వెంట. హౌరాలో తొలి రైలు కూత వినబడింది 1854లో. అంటే ఈ నగరపు నవాబీ వంటకు మధ్యయుగంతో కన్నా రైలుబండితోనే దగ్గరి చుట్టరికం.

బిర్యానీలో బంగాళాదుంప సంగతీ ఇక్కడే చెప్పాలి. దేశం వదిలొచ్చిన నవాబు మాంసం కొనలేక దుంప వేయించాడని ఊరంతా చెప్పుకుంటుంది. ఆయన పింఛను ఏడాదికి 12 లక్షల రూపాయలు. సొంతానికి జంతుశాల పెట్టుకున్నాడు. ఒక్క పావురాల జతకు 24,000 రూపాయలు పోశాడని, చిన్నతనంలో మటియాబుర్జ్‌లో పెరిగిన అబ్దుల్ హలీం షరర్ రాశాడు. అలాంటి మనిషి మాంసం ముక్కలు లెక్కపెట్టుకున్నాడంటే నేను నమ్మను. ఆయన వంశంలో పుట్టి, ఈ నగరంలోనే ఆ వంట వండిపెడుతున్న మంజిలత్ ఫాతిమా కూడా ఆ కథను ఒప్పుకోరు. దుంప అప్పటికి కొత్త సరుకు, కొత్త రుచి. కానీ మన కథల్లో రాజు పళ్ళెం మీద మాంసమే వైభవం, దుంప కనిపిస్తే దరిద్రం. ఈ చూపే అలంకారపు హోటళ్ళకూ పెట్టుబడి.

సరే, నిజంగా 1590 నాటి వంట కావాలా? అందుకు ఆధారం ఉంది. ఆ దశాబ్దంలోనే అబుల్ ఫజల్ ‘ఐన్-ఇ-అక్బరీ’ రాశాడు. అందులో ఒక్కో వంటకూ బియ్యమెంత, నెయ్యెంత, అల్లమెంత అన్నది శేర్ల లెక్కన ఉంది. మిరపకాయ లేదు, కారానికి మిరియమే. టొమాటో ఊసు లేదు. పాదుషాకు వెళ్ళే బంగారు, వెండి పాత్రలను ఎర్ర గుడ్డలో, రాగి, పింగాణీ పాత్రలను తెల్ల గుడ్డలో మూటకట్టి, వంటశాల అధికారి మీర్ బకావల్ ముద్ర వేసేవాడు. విషభయం అలాంటిది. అదే పుస్తకంలో ధరలూ కూలిరేట్లూ ఉన్నాయి. నలభై శేర్ల మణుగు నెయ్యి 105 దాములు, అంటే శేరు రెండున్నర దాములకు పైనే. అట్టడుగు కూలీకి రోజుకు దక్కేది 2 దాములు. రోజంతా ఒళ్ళు హూనం చేసుకున్నా శేరు నెయ్యి రాదు. వంటల పట్టిక తెచ్చుకుని కూలి పట్టికను వదిలేస్తే అది ఆ కాలం ఎలా అవుతుంది?

బెంగాలుకైతే ఇంకా దగ్గరి సాక్షి ఉన్నాడు. బర్ధమాన్ ప్రాంతపు దామున్యా గ్రామం నుంచి అధికారుల పీడన భరించలేక పారిపోయిన ముకుందరాం చక్రవర్తి 16వ శతాబ్దం చివర ‘చండీమంగళ్’ రాశాడు. అందులో వేటగాడి భార్య ఫుల్లరా ఊరూరా మాంసం అమ్ముతుంది. తన కష్టాలు నెలనెలకూ వరసపెట్టి చెప్పుకుంటుంది. చద్దన్నపు నీళ్ళు తాగడానికి ఇంట్లో గిన్నె లేదు. నేలలో తవ్విన గుంటలో పోసుకుని తాగుతుంది, కావాలంటే ఆ గుంట చూడమంటుంది. అక్బరు పాత్రలకు ఎర్ర గుడ్డలు చుట్టిన రోజుల్లోనే ఈ గుంట కూడా ఉంది. ఏ రెస్టారెంటు గోడ మీదైనా దాని బొమ్మ కనబడిందా?

ఈ జబ్బు కోల్‌కతాది మాత్రమే కాదు. 1983లో ఫ్లోరిడాలో మొదలైన ‘మెడీవల్ టైమ్స్’ కోటలు ఇప్పుడు అమెరికాలో చాలాచోట్ల ఉన్నాయి. న్యూజెర్సీలో, డాలస్‌లో ఉన్నవాటికి మన తెలుగు కుటుంబాలూ వెళుతుంటాయి. అక్కడ పెట్టే టొమాటో సూపు, బంగాళాదుంప, మొక్కజొన్న పొత్తు 1492కు ముందు ఐరోపా కంటపడనివి. ఫోర్కూ చెంచా ఇవ్వరు, చేత్తో తినడమే పాతకాలపు మొరటుతనమని వేడుక. ఇంట్లో రోజూ పప్పన్నం కలుపుకుని తినే పిల్లవాడికి అదొక వేషమని నేర్పిస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

డబ్బిచ్చి బయట తినడం మధ్యయుగంలోనూ ఉంది, మన దగ్గరే ఉంది. ఆనాటి తెలుగు రచన ‘క్రీడాభిరామం’లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. అందులో లక్ష్మణవజ్ఝల ఇంటి భోజనం వస్తుంది. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. అన్నీ కలిపి ఒక రూక. సింహాసనం లేదు, సలాం లేదు. ఆకలేసినవాడు రూక ఇచ్చి కడుపునిండా తినిపోయే పూటకూళ్ళ ఇల్లు అది.

దాని తోబుట్టువు కోల్‌కతాలో ఇంకా బతికే ఉంది. దేశప్రియ పార్కు ఉన్న రాస్‌బిహారీ అవెన్యూ మీదే ‘తరుణ్ నికేతన్’ అనే పైస్ హోటలుంది. జాన్‌బజారులో ‘సిద్ధేశ్వరీ ఆశ్రమ్’, కాలేజ్ స్ట్రీట్ పక్క సందులో ‘స్వాధీన్ భారత్ హిందూ హోటల్’ ఉన్నాయి. పొద్దున బజారులో దొరికిందే ఆ రోజు వంట. వడ్డించే మనిషి రుయి, పాబ్దా, పార్శే, ట్యాంగ్రా అంటూ గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. అన్నానికీ పప్పుకూ చేపకూ విడివిడిగా ధర. అరిటాకుకు, నిమ్మచెక్కకు కూడా. ఎవరెంత తింటే అంతే ఇస్తారు. ఎదుటి కుర్చీలో ఎవరు కూర్చుంటారో మన చేతిలో లేదు. అక్కడి చేపల పులుసులో మిరపకాయ పడుతుంది, దుంపా పడుతుంది. ఆ వంట మధ్యయుగపుదని నేను వాదించడం లేదు. ఊళ్ళో మామూలు మనిషికి, అతని జేబును బట్టి అన్నం పెట్టే ఆచారం మాత్రం అక్కడ తెగిపోలేదు. వీటిని ఈ నగరం చవక హోటళ్ళని పక్కనపెట్టి, సంవత్సరం బోర్డు తగిలించుకున్న చోటికి చరిత్ర కోసం వెళుతోంది.

మధ్యయుగం పేరుతో వ్యాపారం చేయొద్దని నేననను. చేసేవాళ్ళు అబుల్ ఫజల్ లెక్కలు ముందుపెట్టుకుని మిరపా దుంపా లేకుండా వండించాలి. ముకుందరాం కావ్యంలోని మరో కథానాయిక ఖుల్లనా వండిన కూరలు పక్కన చేర్చాలి. మెనూ కార్డులో వంటమనిషి పేరు అచ్చువేయాలి, నెయ్యి ధర పక్కనే 2 దాముల కూలి రాయాలి. వరంగల్లులో ఎవరైనా లక్ష్మణవజ్ఝల పట్టిక ప్రకారం భోజనం పెడతామంటే రైలెక్కి వెళ్ళి మరీ తింటాను.