రాత్రి రెండింటికి ఆ నవ్వు

రంజాన్ కాని రోజుల్లో రాత్రి రెండింటికి మా ఇంట్లో వెలుతురు కనపడిందంటే ఒకటే మతలబ్. మా పెద్దోడు ఫోన్ చూస్తున్నాడు. నవ్వు బయటికి రాకుండా దుప్పటి నోట్లో కుక్కుకుంటాడు గానీ, మాది రెండు గదుల ఇల్లు. అన్నీ వినపడతాయి.

ఒక రాత్రి లేచి వెళ్లి ఫోన్ లాక్కున్నా. చూస్తే కార్టూన్. జుట్టు నిక్కబొడుచుకున్న ఓ ముసలాయన తాగి తేన్పులు తీస్తూ మనవడిని తిడుతున్నాడు. ఆ పిల్లాడు వణికిపోతున్నాడు. "ఇదేంట్రా?" అన్నా. "రిక్ అండ్ మోర్టీ అబ్బా. మజాక్ హై. పరేషాన్ నక్కో హోవ్" అన్నాడు.

పరేషాన్ కావాల్సిన రోజు వారం తిరక్కుండానే వచ్చింది. ఇంటర్ పరీక్షల్లో మార్కులు తగ్గాయేమని అడిగితే, "సబ్ బేకార్ హై అబ్బా. ఇంత పెద్ద కాయనాత్‌లో నా మార్కులు ఎవరిక్కావాలి?" అన్నాడు. వాళ్ల అమ్మీ ఏడ్చింది. ఆ షైతానీ బొమ్మల వల్లే పిల్లాడి దిమాగ్ ఖరాబైందని నీళ్ల మీద దమ్ చేసి తాగించింది. నేను వైఫై ఆపేశా. వాడు మొబైల్ డేటా ఆన్ చేసుకున్నాడు.

ఇరవై ఏళ్లుగా వార్తలు రాసేవాణ్ని. చూడని దాని మీద ఫైసలా రాయడం మా పనిలో తప్పు. అందుకని ఓ నెల రోజులు కూర్చుని నేనూ చూశా. చూశాక నాకు అర్థమైంది మీ ముందు పెడుతున్నా. అమ్మీలూ అబ్బాలూ, కాస్త సబర్‌తో చదవండి.

ఇది 2013 డిసెంబర్‌లో అమెరికాలో అడల్ట్ స్విమ్ అనే టీవీ విభాగంలో మొదలైంది. డాన్ హార్మన్, జస్టిన్ రోయ్‌లాండ్ అనే ఇద్దరు తయారుచేశారు. ఆ విభాగం పేరులోనే అడల్ట్ అని ఉంది. కార్టూన్ కదా అని చిన్నపిల్లల చేతికివ్వకండి. బూతులున్నాయి, రక్తముంది, సిగ్గుపడాల్సిన మాటలున్నాయి. ఖుదా మీద కూడా వెటకారాలున్నాయి. మా చిన్నోడికి పన్నెండేళ్లు, వాణ్ని నేను చూడనివ్వను. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

కానీ మా పెద్దోడి వయసు వాళ్లు దీనికి దీవానాలెందుకయ్యారు? కథ ఇదీ. రిక్ అనే నానాజాన్ కాయనాత్ మొత్తంలో తనకంటే అఖల్‌మంద్ లేడనుకునే సైంటిస్టు. పద్నాలుగేళ్ల మనవడు మోర్టీని వెంటేసుకుని లోకాలు తిరుగుతుంటాడు. మొదటి సీజన్‌లోనే ఓ ఎపిసోడ్ ఉంది. మోర్టీ ఒక అమ్మాయి ఇష్టపడాలని మందు అడుగుతాడు. తాత చేసిస్తాడు. అది జలుబులా దునియా అంతా అంటుకుంటుంది. విరుగుడు వేసే కొద్దీ మనుషులు వికార జంతువులైపోతారు. చేసేది లేక తాతామనవళ్లు ఆ లోకాన్ని అలాగే వదిలేసి, అచ్చం తమలాంటి ఇద్దరు అప్పుడే చచ్చిపోయిన ఇంకో లోకానికి పోతారు. తమ మయ్యత్‌లను తామే పెరట్లో పాతిపెట్టి, వాళ్ల చోట్లో వచ్చి కూర్చుంటారు. ఇంట్లో ఎవరికీ తెలీదు. మోర్టీ మాత్రం గాజు కళ్లతో సోఫాలో కూలబడతాడు.

నవ్వు మొదలుపెట్టిన కథ అక్కడ ఆగుతుంది. పిల్లల్ని కట్టేసింది ఇదేనని నాకనిపించింది. ఇంట్లో అందరి మధ్య కూర్చుని ఉండి, నా లోపల ఏం జరిగిందో వీళ్లకు తెలీదే అనుకోవడం పదిహేడేళ్ల పిల్లాడికి కొత్త కాదు. ఆ తన్హాయిని బొమ్మల్లో చూపించినవాళ్లు వాడికి దోస్తులైపోతారు.

ఇంకో ఎపిసోడ్‌లో మోర్టీ అక్క సమ్మర్‌కు ఓ సంగతి తెలుస్తుంది. తాను కడుపులో పడ్డందుకే అమ్మానాన్నలు పెళ్లి చేసుకున్నారని. నా వల్లే వీళ్ల జిందగీ పాడైందని సంచి సర్దుకుంటుంది. అప్పుడు మోర్టీ కిటికీలోంచి తన ఖబర్ చూపించి, ఎవరూ ఓ మకసద్‌తో పుట్టరు, అందరూ పోయేవాళ్లే, రా, టీవీ చూద్దాం అన్న అర్థంలో మాట్లాడతాడు. మా వాడి "సబ్ బేకార్" ఇక్కణ్నించే వచ్చింది. మన అఖీదా ప్రకారం ఆ మాట గలత్. మనం మకసద్‌తోనే పుట్టామని మనకు తెలుసు. అయితే మోర్టీ ఆ మాట ఎందుకన్నాడో చూడండి. ఇల్లు వదిలి వెళ్లిపోతున్న అక్కను ఆపడానికి. మాట బేకారే, నియ్యత్ బేకార్ కాదు. ఇదే మా వాడితో అన్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

అసలు ఖతరా ఇంకోటుంది. అది తకబ్బుర్. రిక్‌కు ఇల్ముంది కాబట్టి ఎవర్నైనా అవమానించొచ్చు అనుకునే అభిమానులు పుట్టుకొచ్చారు. 2017 ఏప్రిల్‌లో ఓ ఎపిసోడ్‌లో రిక్, 1998లో ములాన్ సినిమా కోసం మెక్‌డొనాల్డ్స్ ఇచ్చిన సెచ్వాన్ సాస్ గురించి జోక్ వేశాడు. ఆ అక్టోబర్‌లో కంపెనీ ఒక్క రోజు కోసం ఆ సాస్ తెస్తే వేలమంది లైన్లు కట్టారు. పొట్లాలు చాలక కొన్నిచోట్ల పోలీసుల్ని పిలవాల్సి వచ్చింది. సాస్ కోసం గొడవ! అది నవ్వి వదిలేయొచ్చు. ఆ ఏడాదే సిరీస్ రాసే బృందంలోకి ఆడవాళ్లొచ్చారని కొందరు అభిమానులు వాళ్లను ఆన్‌లైన్‌లో వేధించారు. హార్మన్ బహిరంగంగా ఖండించాల్సొచ్చింది. దీన్ని నవ్వి వదిలేయలేం.

ఇందులో తమాషా ఏంటంటే, ఆ అభిమానులు టీషర్టుల మీద వేసుకు తిరిగే 'పికిల్ రిక్' ఎపిసోడ్ రాసింది జెస్సికా గావో అనే ఆమే. 2018లో దానికి ఎమ్మీ అవార్డొచ్చింది. కుటుంబమంతా కౌన్సెలింగ్‌కి పోవాల్సొస్తే రిక్ తప్పించుకోవడానికి తనను తాను ఊరగాయ దోసకాయగా మార్చుకుంటాడు. కాళ్లూచేతుల్లేని ఆ దోసకాయ ఎలకల్ని చంపి, మనుషుల్ని చంపి, చివరికి అదే డాక్టరమ్మ ముందుకు చేరుతుంది. ఆమె గొంతెత్తదు. నీ అఖల్‌ను నీ జబ్బుకు బహానాగా వాడుకుంటున్నావని, ఇంటివాళ్లతో బంధం కాపాడుకోవడం పళ్లు తోముకోవడం లాంటి రోజువారీ పని అని, అది నీకు బోర్ కాబట్టే చేయవని మెల్లగా చెబుతుంది. ఇంటికెళ్తూ కారులో పిల్లలు మళ్లీ ఆమె దగ్గరికి వెళ్దామంటారు. తాతా, కూతురూ ఆ మాట వినిపించుకోకుండా తాగడానికి ఎక్కడికెళ్దామా అని మాట్లాడుకుంటారు.

చూస్తున్నప్పుడు నాకు షరమ్ వేసింది. మా పెద్దోడు ఎన్నిసార్లు ఏదో చెప్పబోతే నేను ఎడిషన్ టైమైందని ఫోనెత్తాను?

ఉర్దూ మీడియంలో చదివిన నాలాంటివాళ్లకు తంజ్ కొత్త కాదు. అక్బర్ ఇలాహాబాదీని, మన హైదరాబాద్ ముజ్తబా హుస్సేన్‌ను చదివి నవ్వుకుంటూ పెరిగాం. మా అబ్బా ముజ్తబా సాబ్ కాలమ్ పైకి చదివితే ఇల్లంతా నవ్వేది. ఇప్పుడు మా వాడు దుప్పట్లో ఒంటరిగా నవ్వుతున్నాడు. మారింది ఇదే. ఎవరో పక్కన కూర్చుంటే, ఎక్కడ నవ్వాలో ఎక్కడ ఆగాలో పిల్లాడికి తెలుస్తుంది. ఒంటరిగా చూస్తే రిక్ హీరో అయిపోతాడు.

కాబట్టి నా రాయ్ ఇది. చిన్నపిల్లలకు పూర్తిగా ఆపండి. పదిహేడు, పద్దెనిమిది వాళ్లకు ఆపలేరు, ఆపామనుకుంటారు అంతే. పక్కన కూర్చోండి. మీకు నచ్చనిది నచ్చలేదని చెప్పండి. ఖుదా మీద వెటకారమొస్తే ఇది నాకు బాధగా ఉంది బేటా అని చెప్పండి, తిట్టకుండా. తర్వాత వాడేమంటాడో వినండి.

మొన్న మా వాడితో చూస్తుంటే రిక్ తన ఊతపదం అన్నాడు. వబ్బా లబ్బా డబ్ డబ్. గెంతుతూ, ఖుషీగా. "ఏంట్రా ఈ పిచ్చి కూత?" అన్నా. "దానికి మానే ఉంది అబ్బా. ఆయన దోస్త్ బర్డ్‌పర్సన్ మొదటి సీజన్ ఆఖర్లో చెబుతాడు. నాకు చాలా దర్ద్‌గా ఉంది, మదద్ చెయ్యండి అని."

ఇంతకాలం అందరూ నవ్వింది ఆ మాటకే. నేను స్క్రీన్ ఆపేసి అడిగా. "నీకూ ఎప్పుడైనా అట్లా ఉంటుందా బేటా?"

చాలాసేపు జవాబు లేదు. "కభీ కభీ" అన్నాడు.

ఆ రాత్రి ఫజర్ అజాన్ దాకా కూర్చున్నాం. ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను, అది వాడిది. మీ ఇంట్లో కూడా రాత్రి రెండింటికి దుప్పటి కింద నవ్వు వినపడుతుంటే, ఫోన్ లాక్కునే ముందు ఒకసారి ఆ ప్రశ్న అడిగి చూడండి.