బరువు బిడ్డది, బోనులో తల్లి

చిన్నపిల్లల ఊబకాయంపై ఏ పరిశోధనా వ్యాసమైనా తీసి చూడండి. కారణాల పట్టిక నిండా తల్లే. గర్భానికి ముందే ఆమె లావు, కడుపుతో ఉండగా షుగరు, చనుబాలు త్వరగా మాన్పించడం. తండ్రి, యజమాని, డబ్బాల కంపెనీ సోదిలోకైనా రారు!

సమస్య లేదనడం లేదు నేను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవారు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన బిడ్డలను యాజ్ఞిక్ బృందం ఇంగ్లండు బిడ్డలతో పోల్చి 2003లో ఒక అధ్యయనం ప్రచురించింది. మన బిడ్డలు బరువు తక్కువ. కానీ కండ తగ్గినంతగా కొవ్వు తగ్గలేదు. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలింది తిని పెరిగిన ఆడపిల్లే ఇక్కడ తల్లవుతుంది. ఆ లెక్క ఏ పట్టికలో ఉంది?

చనుబాలు మాన్పించిందెవరు? 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకు పెంచారు. మిరప కోతకు పోయే కూలికి, అపార్ట్‌మెంట్లలో పాచిపని చేసే ఆమెకు ఆ సెలవెవరిస్తారు? పాలడబ్బాల ప్రకటనలను 1992 చట్టం నిషేధించింది, సంతోషమే. డబ్బా లోపలి సంగతో? స్విట్జర్లాండ్‌లోని పబ్లిక్ ఐ సంస్థ 2024లో వెల్లడించిన ప్రకారం, మన దేశంలో అమ్మిన సెరిలాక్‌లో ఒక్కో మోతాదుకు సగటున 3 గ్రాముల దాకా అదనంగా కలిపిన చక్కెర ఉంది. కంపెనీ సొంతగడ్డపై అమ్మే ముఖ్యమైన రకాల్లో అది లేదు.

మన సంస్థలూ తల్లులకు అవగాహనా సదస్సులు పెడుతూనే ఉన్నాయి. చేనుగట్టున చెట్టుకు ఉయ్యాల కట్టి పనిలోకి దిగే కూలితల్లికి ఏం చెబుతాం? ఆ సదస్సు యజమానులకు ఎప్పుడు పెడతాం?