కొన్న వస్తువు కొన్నవాళ్లదే: సాఫ్ట్‌వేర్ పనివాళ్ల ప్రణాళిక

మేము సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాళ్లం. మాదాపూర్‌లో కూర్చుని రాసినా, విశాఖలో రాసినా, డల్లాస్‌లో రాసినా మా కోడ్ చివరికి చేరేది ఎవరో కష్టార్జితం పెట్టి కొన్న ఫోన్లోకో, టీవీలోకో, వాచీలోకో. ఆ వస్తువు ఎన్నేళ్లు పనిచేస్తుందో ఒకప్పుడు దానిలోని లోహం, తీగలు తేల్చేవి. ఇప్పుడు మేము తేలుస్తున్నాం. అందుకే ఈ ఉద్యమాన్ని రాసేవాళ్లమే మొదలుపెడుతున్నాం. చెక్కుచెదరని వస్తువును సాఫ్ట్‌వేర్ చంపకూడదు. మేము కోరేది ఇదే.

రివాల్వ్ అని ఒక పెట్టె ఉండేది. ఇంట్లో దీపాలనూ తాళాలనూ ఫోన్ నుంచి నడిపేది. అమెరికాలో దాదాపు 300 డాలర్లు పోసి కొన్నారు. ఆ కంపెనీని 2014లో నెస్ట్ కొనుక్కుంది. 2016 మేలో సర్వర్లు ఆపేసింది. కొన్నవాళ్ల ఇళ్లలో పెట్టె పెట్టెగానే మిగిలింది. హ్యూమేన్ కంపెనీ అమ్మిన, బట్టలకు తగిలించుకునే ఏఐ పిన్ సంగతీ అంతే. 2024 ఏప్రిల్‌లో 699 డాలర్లకు అమ్మకానికొచ్చింది, నెలనెలా చందా అదనం. 2025 ఫిబ్రవరిలో హెచ్‌పీ ఆ కంపెనీ ఆస్తుల్లో చాలా భాగం కొంటున్నట్టు ప్రకటన వెలువడింది, అదే నెల 28న పిన్నులన్నీ మూగబోయాయి. వాటిలో ఏ భాగమూ అరగలేదు. అవతలి చివర సర్వర్ ఆగింది, అంతే.

ఇది తప్పనిసరి అని ఎవరైనా అంటే పెబుల్ వాచీని చూపిస్తాం. ఆ కంపెనీ 2016 డిసెంబరులో మూతపడింది. రెబుల్ పేరుతో ఔత్సాహికులు కూడి, పాత సర్వర్ల పని తామే చేసిపెట్టి ఆ వాచీలను నడిపించారు. ఆ వాచీ కోడ్ చేతులు మారి చివరికి గూగుల్‌కు చేరింది. 2025 జనవరిలో గూగుల్ ఆ వాచీ ఆపరేటింగ్ సిస్టమ్ సోర్స్ కోడ్‌లో చాలా భాగాన్ని అందరికీ విడుదల చేసింది. కంపెనీ పోయినా వస్తువు బతకొచ్చు. దానికి కావలసింది కోడ్ తాళం తీయడం, తీయాలన్న మనసు.

లోపల ఇది ఎలా జరుగుతుందో మాకు తెలుసు, బయటివాళ్లకు తెలియదు కాబట్టి చెబుతున్నాం. ఎవరూ కుట్ర పన్నరు. ఒక టికెట్, అంటే చేయాల్సిన పని చీటీ, వస్తుంది: పాత ఆండ్రాయిడ్ వెర్షన్లకు సపోర్ట్ తీసేయండి. కారణాలు సబబుగానే ఉంటాయి. కొత్త లైబ్రరీ పాత వెర్షన్‌లో నడవదు, టెస్టింగ్‌కు మనుషులు చాలరు. డ్యాష్‌బోర్డ్‌లో ఆ వెర్షన్ వాడేవాళ్ల శాతం చిన్నగా కనిపిస్తుంది. యాప్ నడవడానికి కావలసిన కనీస వెర్షన్ అంకె ఒకటి మార్చి, సాయంత్రానికి టికెట్ మూసేస్తాం. ఆ చిన్న శాతంలో ఎవరున్నారో డ్యాష్‌బోర్డ్ చెప్పదు. కొడుకు కొత్త ఫోన్ కొనుక్కుని పాతది నాన్నకు ఇస్తాడు. చెల్లెలి ఆన్‌లైన్ క్లాసులకు అక్క ఫోన్ వస్తుంది. మన ఇళ్లలో ఫోన్ ఒక చేతితో ఆగదు, మూడు చేతులు మారుతుంది. మేము మార్చిన ఆ అంకె వల్ల మూడో చేతిలోని ఫోన్‌లో బ్యాంకు యాప్ కొత్త వెర్షన్ ఎక్కదు, చివరికి పాతదీ ఆగిపోతుంది. పింఛను డబ్బు పడిందో లేదో చూసుకోవడానికి ఆ పెద్దాయన బస్సెక్కి బ్రాంచికి వెళ్తాడు. ఆ ప్రయాణం ఏ రిపోర్టులోనూ నమోదు కాదు.

భాష విషయంలోనూ ఇదే నిర్లక్ష్యం. 2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరం ఒకటి మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ సరిదిద్దింది. కానీ ఆ లోపం జనం చేతికి చేరేదాకా ఎందుకు బయటపడలేదన్నది మా ప్రశ్న. కోట్ల మంది రాసే లిపిలో పరీక్షించకుండా విడుదల చేసినదాన్ని పూర్తయిన పని అని మేము అనం.

అప్‌డేట్‌లకు మేము వ్యతిరేకం కాదు. సెక్యూరిటీ అప్‌డేట్ రాని ఫోన్లో బ్యాంకు యాప్ ప్రమాదమే. మేము కాదనేది చెప్పకుండా చేసే మార్పును. బ్యాటరీ ముసలిదైన ఐఫోన్ల వేగం తగ్గించినట్టు 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకుంది. ఫోన్ హఠాత్తుగా ఆగిపోకుండా చేశామంది, అందులో అర్థముంది. కానీ ఆ మాట ముందే చెప్పి ఉంటే జనం కొత్త ఫోన్‌కు బదులు కొత్త బ్యాటరీ కొనుక్కునేవారు. చెప్పనందుకే 2020లో ఫ్రాన్స్ 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది.

ఇక మా పూచీలు. కనీస వెర్షన్ పెంచే ముందు ఎంతమంది యాప్‌ను వాడలేకపోతారో, వాళ్లకు ఏ దారి మిగులుతుందో రాతలో పెట్టమని అడుగుతాం. ఇంట్లో ఉండే వస్తువు ఇంటి వైఫైతోనే, మా సర్వర్ లేకుండా, కనీసం దాని అసలు పని చేసేలా రాస్తాం. సర్వర్ ఆపేరోజు వస్తే కోడ్‌నో, ప్రొటోకాల్‌నో బయటపెట్టాలని డిజైన్ దశలోనే పట్టుబడతాం. ఏఐ రాసిన కోడ్‌ను మేము చదవకుండా పంపం. యంత్రం రాసినా సంతకం మాది. చవక ఫోన్ ఒకటి ప్రతి టీమ్ బల్ల మీదా ఉండాలి. పన్నెండు జీబీ మెమరీ ఉన్న ఫోన్లో మాత్రమే పరీక్షించిన యాప్ మన జిల్లాల్లో నడుస్తుందని నమ్మడం తప్పు.

ఒక్కరే నిలబడి ఇవి అడిగితే ఏమవుతుందో తెలుసు. రేటింగ్ తగ్గుతుంది, ప్రాజెక్ట్ మారుతుంది, బెంచ్ మీద కూర్చోబెడతారు. ఇంటి లోన్ ఉన్నవాళ్లను వీరులు కమ్మని అడిగే హక్కు మాకు లేదు. అందుకే గుంపుగా అడుగుదాం. టీమ్‌లో నలుగురు ఒకే ప్రశ్న వేస్తే అది వ్యక్తి మొండితనం కాకుండా పనిలో భాగమవుతుంది.

ప్రభుత్వాన్నీ అడుగుతున్నాం. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్లకు కొత్త నిబంధనలు అమలవుతున్నాయి. ఒక మోడల్ అమ్మకం ఆగాక కూడా కనీసం అయిదేళ్లు అప్‌డేట్‌లు, ఏడేళ్లు విడిభాగాలు ఇవ్వాలి. మన కేంద్రం 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, ఆ డిసెంబరులోనే పోర్టల్ తెరిచింది. పోర్టల్ చాలదు. యూరప్‌లో ఇవ్వగలిగిన కంపెనీ ఇక్కడ ఇవ్వలేనంటే ఒప్పుకోకూడదు. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో బోర్డు మీద చిప్ మార్చగల చేతులున్నాయి, వాళ్లకు విడిభాగాలూ సర్క్యూట్ పటాలూ చట్టం ఇప్పించాలి.

కొనేవాళ్లకు మా సలహా: కెమెరా మెగాపిక్సెళ్లు చూసే ముందు అప్‌డేట్‌లు ఎన్నేళ్లో అడగండి. 2023 అక్టోబరులో పిక్సెల్ 8కు గూగుల్ ఏడేళ్ల మాట ఇచ్చింది, తర్వాత సామ్‌సంగ్ ఎస్24కూ అదే మాట వచ్చింది. కాబట్టి అడగడం అత్యాశ కాదు. నెట్ తీసేస్తే పనిచేయని ఫ్రిజ్, తాళం, ఫ్యాన్ కొనకండి. టీవీ తెర బాగుండి లోపలి సాఫ్ట్‌వేర్ ముసలిదైతే టీవీ మార్చొద్దు, స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి తగిలించండి.

ఉద్యమంలో చేరడానికి రుసుము లేదు, ఫారమ్ లేదు. రేపు మీ డిజైన్ మీటింగ్‌లో ఒక ప్రశ్న వేయండి: మనం సర్వర్ ఆపేసిన రోజున ఈ వస్తువు కొన్నవాళ్ల చేతిలో ఏం మిగులుతుంది? వచ్చిన జవాబును డిజైన్ డాక్యుమెంట్‌లో, అందరూ చూసే చోట, తేదీ వేసి రాయండి.