పట్టు సడలిన చోట

టెక్సాస్‌లో స్థిరపడిన మిత్రుడొకరు మొన్న వేసవిలో ఫోన్ చేసి తన పికప్ ట్రక్కు సంగతి చెప్పారు. పదేళ్లు దాటిన బండి అది. వారమంతా ఇంటి ముందే ఉంటుంది. శని, ఆదివారాల్లో పెరటి తోటకు మట్టి, ఎరువు, చెక్కలు మోస్తుంది. ఓ మధ్యాహ్నం నడిదారిలో ఉన్నట్టుండి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. చెట్టు నీడన గంటసేపు కూర్చుని మళ్లీ తాళం తిప్పితే ఏమీ జరగనట్టే స్టార్టయింది. ఇదే తంతు మూడోసారి జరిగినప్పుడు ఆయన బానెట్ ఎత్తి ఫ్యూజు బాక్సు మూత తీశారు. పెట్రోలు పంపుకు కరెంటు పంపే పసుపుపచ్చ ఫ్యూజు ఒక పక్క మెత్తబడి వంగిపోయింది. దాని కాలొకటి నల్లబడింది. వేలు ఆనిస్తే చుర్రుమంది. లోపలి తీగ మాత్రం తెగలేదు.

ప్లాస్టిక్ కరిగింది, తీగ మిగిలింది. ఈ రెండూ ఒకేచోట ఎలా కుదిరాయన్నది ఆయనకు అంతుపట్టలేదు. విన్నాక మాకూ ఆ ప్రశ్న మనసులో ఉండిపోయింది.

ఫ్యూజు అంటే తెలిసి తెలిసి బలహీనంగా చేసిన తీగ. 1847లో ఫ్రాన్సుకు చెందిన లూయీ బ్రెగే, పిడుగుల బారి నుంచి టెలిగ్రాఫ్ కేంద్రాలను కాపాడటానికి లైనులో కొంత మేర సన్నని తీగ వాడమని సూచించాడు. పిడుగు దెబ్బకు ఆ సన్నతీగ కరిగిపోతే లోపలి యంత్రం బతుకుతుంది. ఎడిసన్ 1890లో తన విద్యుత్ సరఫరా ఏర్పాట్లలో భాగంగా ఫ్యూజుకు పేటెంటు పొందాడు. ఇప్పుడు వాహనాల్లో కనిపించే రెండు కాళ్ల ప్లాస్టిక్ ఫ్యూజు 1976లో వచ్చింది. దాని సామర్థ్యాన్ని రంగు చూసి చెప్పేయవచ్చు. ఎరుపైతే 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. అంతకు బాగా మించి కరెంటు వస్తే తాను తెగిపోయి, వెనకనున్న వైరును కాలకుండా కాపాడుతుంది.

మరి ఇక్కడ తెగకుండానే ఎందుకు కాలింది? దీనికి జవాబు 1841లోనే దొరికింది. ఇంగ్లండులోని సాల్‌ఫర్డ్‌లో, బీరు తయారుచేసే కుటుంబంలో పుట్టిన జేమ్స్ జౌల్, తీగలో పుట్టే వేడి ఆ తీగ నిరోధాన్ని బట్టి, కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని ఆ ఏడాది ప్రకటించాడు. ఫ్యూజు బాక్సులో ఒక్కో ఫ్యూజు కాలినీ రెండు పక్కల నుంచి సన్నని లోహపు రేకులు నొక్కి పట్టుకుంటాయి. ఆ పట్టు గట్టిగా ఉన్నంతకాలం అక్కడ నిరోధం ఓములో కొన్ని వేల వంతులే. 5 వేల వంతులు అనుకుంటే, పంపు 10 ఆంపియర్లు లాగినా అక్కడ పుట్టే వేడి అర వాటే. ఏళ్ల తరబడి కుదుపులకు, చెమ్మకు రేకులు సడలి, చిలుము పట్టి, నిరోధం ఓములో పదో వంతుకు చేరిందనుకుందాం. అదే కరెంటుకు అదే చోట 10 వాట్ల వేడి పుడుతుంది. గోరంత చోటులో అంత వేడి నిలిస్తే ప్లాస్టిక్ మెత్తబడక ఏం చేస్తుంది? వేడెక్కిన రేకు ఇంకాస్త సడలుతుంది. సడలిన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. పంపుకు చేరాల్సిన వోల్టేజి దారిలోనే హరించుకుపోయి, చివరికి పెట్రోలు అందక ఇంజను ఆగుతుంది. చల్లారాక రేకు మళ్లీ కాస్త అంటుకుంటే బండి కదులుతుంది.

ఇంత జరుగుతున్నా ఫ్యూజు తన పని తప్పలేదు. ఇరవై మించితే తెగమన్నారు. పది దగ్గరే ఉంది కాబట్టి ఊరుకుంది. మితిమీరిన కరెంటును అది ఆపగలదు. సడలిన పట్టును పసిగట్టడం దానికి చేతకాదు.

ఇది ఎక్కడో అమెరికా ట్రక్కు గొడవ అనుకోనక్కర్లేదు. మన స్నానాల గదుల బయట గీజరు ప్లగ్గును ఒకసారి పీకి చూడండి. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. సాకెట్టు వదులైతే పిన్ను నల్లబడుతుంది, ప్లాస్టిక్ పసుపెక్కి పెళుసు బారుతుంది, కాలిన వాసన వస్తుంది. బోర్డులో ఎంసీబీ మాత్రం పడిపోదు. కారణం అదే. చాలా ఇళ్లలో ప్లగ్గును కాస్త గట్టిగా నొక్కి, ఆ పూటకు వేణ్నీళ్లు కాచుకుని మర్చిపోతాం.

మిత్రుడికి సలహాలకు కొదవలేదు. కొత్త ఫ్యూజు వేసెయ్యమన్నారు కొందరు. సడలిన రేకుల్లో కొత్త ఫ్యూజు పెడితే అదీ కొన్నాళ్లకు అలాగే కాలుతుంది. పసుపు తీసి ఆకుపచ్చది పెట్టమన్నారు ఇంకొందరు. ఇది మరీ ప్రమాదం. రోగం పట్టులో ఉంటే మందు తీగకు వేయడమిది. పైగా 20 ఆంపియర్ల లెక్కన వేసిన వైరుకు 30 ఆంపియర్ల ఫ్యూజు కాపలా కాయలేదు. రేపు నిజంగానే ఎక్కడైనా షార్టయితే ముందుగా కాలేది వైరే. ఈ తప్పు మనకు కొత్త కాదు. పింగాణీ ఫ్యూజుల కాలంలో మాటిమాటికీ ‘ఫీజు పోతోంద’ని విసుగెత్తి, సన్నతీగ స్థానంలో రాగి పోగులు నాలుగు మెలిపెట్టి కట్టిన ఇళ్లెన్నో. దీపం ఆరలేదని ఆ రాత్రికి సంతోషమే. గోడలోని వైరుకు మాత్రం రక్షణ లేకుండా పోయేది.

ఆయన తొందరపడలేదు. ముందు పంపు ఆరోగ్యం చూశారు. ట్యాంకులో మునిగి ఉండే పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ట్యాంకు అడుగంటేదాకా నడిపే అలవాటు ఉంటే పంపు వేడెక్కి త్వరగా అరుగుతుంది. అరిగిన పంపు కరెంటు ఎక్కువ లాగవచ్చు. క్లాంప్ మీటరు పెట్టి చూస్తే పంపు తీసుకునే కరెంటు మామూలుగానే ఉంది. తర్వాత పంపు తిరుగుతుండగా ఫ్యూజు కాలికీ, దాన్ని పట్టిన రేకుకూ మధ్య మల్టీమీటరు పెట్టారు. దాదాపు ఏమీ చూపకూడని చోట అర వోల్టుకు పైగా తేడా కనిపించింది. దొంగ అక్కడ దొరికాడు.

అప్పుడు బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీశారు. కాలిన రేకు దగ్గర వైరు రంగు మారినంత మేర కత్తిరించి, మెరిసే రాగి కనిపించే దాకా వెనక్కి వెళ్లారు. బాక్సు బయట, ఇంజను వేడి తగలని చోట, మూత ఉన్న విడి ఫ్యూజు హోల్డరు బిగించారు. వైరు పాతదాని కంటే సన్నగా ఉండకుండా చూసుకున్నారు. అతుకులను మెలిపెట్టి టేపు చుట్టలేదు. సరైన పనిముట్టుతో లగ్గులు నొక్కి, వాటిపై వేడికి ముడుచుకునే స్లీవు తొడిగారు. అందులో పెట్టింది మళ్లీ 20 ఆంపియర్ల పసుపు ఫ్యూజే. ఇదంతా ఒక శనివారం పని. పెట్రోలు ట్యాంకు జోలికి, పైపుల జోలికి ఆయన వెళ్లలేదు. ఆ అవసరం పడితే మెకానిక్ దగ్గరికే వెళ్లేవాణ్నని చెప్పారు. ఇంట్లో చేసుకునే పనికి అదీ ముఖ్యమే. ఏది తన చేతి పని, ఏది కాదు అన్న ఎరుక లేకపోతే రిపేరు కాస్తా ప్రమాదమవుతుంది.

తన వస్తువును తాను విప్పి చూసుకునే వీలు కోసం ప్రజలు కొట్లాడాల్సిన కాలం ఇది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో వాహనాల మరమ్మతు సమాచారం యజమానులకు, బయటి మెకానిక్‌లకు కూడా అందాలని 2012లో ప్రజలు ఓటు వేసి మరీ చెప్పారు. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. ఈ హక్కును మేం డబ్బు ఆదా చేసే మార్గంగా మాత్రమే చూడటం లేదు. మూత తీసి చూడనివ్వని వస్తువులో ఏ రేకు ఎప్పుడు సడలిందో యజమానికి ఎలా తెలుస్తుంది?

మన బతుకులోని చాలా ఏర్పాట్లకూ ఈ మాట వర్తిస్తుంది. హద్దు మీరినప్పుడు ఆపడానికి చట్టాలున్నాయి, జరిమానాలున్నాయి. అవి ఉండాల్సిందే. అయితే బడి గోడలో వదులైన స్విచ్చు బోర్డు, అపార్ట్‌మెంట్ లిఫ్టులో సరిగ్గా మూసుకోని తలుపు, పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మరుపై వేలాడే ఫ్యూజు తీగ ఏ హద్దూ మీరవు. నిశ్శబ్దంగా సడలుతూ ఉంటాయి, అంతే. వేడెక్కి, వాసన వచ్చి, ఒకనాడు ఎవరి ప్రాణం మీదికో వచ్చాక గానీ అవి వార్త కావు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర తామే ఫ్యూజు వేయబోయి ప్రాణాలు పోగొట్టుకున్న రైతుల కుటుంబాలు మన పల్లెల్లో ఉన్నాయి. అది రైతు తన చేత్తో చేయాల్సిన పని కాదు. చేయాల్సిన వాళ్లు వేళకు రాకపోవడమే అక్కడ సడలిన పట్టు. ఇలాంటివి కనిపెట్టడానికి తనంత తాను పనిచేసే యంత్రం ఏదీ లేదు. ఎవరో ఒకరు వేళకు వెళ్లి మూత తీసి చూడాలి. ఆ చూసే ఉద్యోగాలను, చూసే తీరికను, చూసే అలవాటును ఖర్చు కింద లెక్కగట్టి కోసేస్తూ పోతే మిగిలేది కాలిన వాసనే.

మిత్రుడి ట్రక్కు మళ్లీ ఆగలేదు. అయినా ఇంజనాయిలు మార్చిన ప్రతిసారీ, కాసేపు నడిపి వచ్చాక, ఆ చిన్న హోల్డరు మూత తీసి పసుపు ఫ్యూజు మీద వేలు పెట్టి చూస్తారట. గోరువెచ్చగా ఉంటే చాలు, మూత పెట్టేసి చేతులు కడుక్కుంటారు. అర నిమిషం పని అది.